వట్టి సూది

తెలుగులో పిక్క అన్న మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. చింతపిక్క, జీడిపిక్క అన్నప్పుడు అది గింజ. కాలిపిక్క అన్నప్పుడు మోకాలికి దిగువన, వెనుక వైపున ఉబ్బెత్తుగా కనిపించే కండ. సంస్కృతం దీనిని పిండిక అన్నది. ముద్దగా ఉండేది అని భావం. గ్రీకులు మరికొంత చమత్కారులు. కాలికి కూడా ఒక పొట్ట ఉన్నదనుకొని ఆ అర్థం వచ్చే మాటతోనే పిలిచారు. నేటి వైద్యులు వాడే గాస్ట్రాక్నీమియస్ అన్న పేరు ఆ గ్రీకు మాటల నుంచి పుట్టినదే. వీరందరూ ఆకారాన్ని చూసి పేరు పెట్టారు. మనవాళ్ళు దాని పనిని కూడా గమనించి 'పిక్కబలం' అన్న పలుకుబడిని కల్పించారు. కాకపోతే మన పిక్కబలం అపాయం ఎదురైనప్పుడు వెనుదిరిగి పరుగెత్తడానికే పనికివచ్చేది!

ఆ బలాన్నే నమ్ముకొని నిలువునా పైకి లేచి, మునివేళ్ళ కొసలమీద నిలబడే నృత్యం ఒకటి ఉన్నది. అదే బాలే. ఇటలీ రాజాస్థానాలలో పుట్టి, ఫ్రాన్సులో పెరిగింది. 14వ లూయీ 1661లో నృత్యానికి ఒక రాజ అకాడమీనే నెలకొల్పాడు. అందుకే ఈనాటికీ ఏ దేశంలో నేర్పినా దాని పరిభాష అంతా ఫ్రెంచిలోనే ఉంటుంది. 1832లో పారిస్ రంగస్థలం మీద మరీ టాల్యోనీ అన్న నర్తకి 'లా సిల్ఫీడ్'లో గాలికన్యగా మునివేళ్ళమీద నర్తించినప్పటినుంచి ఆ భంగిమ బాలేకు గుర్తుగా నిలిచిపోయింది. ఆమె పాదరక్షలలో నేటి వాటివలె వేళ్ళను పట్టి నిలిపే గట్టి డొప్ప లేదు. మెత్తని సాటిన్ చెప్పులకు దారంతో కుట్లు వేసుకొని నెగ్గుకొచ్చింది. భారమంతా పాదమూ పిక్కా మోయవలసిందే.

ఈ వివరాలన్నీ ఒక తెలుగు పండితురాలికి ఎందుకు అని మీరు అడగవచ్చు. చెబుతాను. మా అమ్మాయి కుటుంబం అమెరికాలో, ఉత్తర కరొలినా రాష్ట్రంలోని కేరీ పట్టణంలో ఉంటున్నది. 2024 సెప్టెంబరులో నేను అక్కడకు వెళ్ళేసరికి మా మనవరాలికి పదహారేళ్ళు. ఆరేళ్ళ ప్రాయం నుంచి బాలే నేర్చుకుంటున్నది. డిసెంబరులో వాళ్ళ నృత్యపాఠశాల 'నట్‌క్రాకర్' ప్రదర్శించబోతున్నది. చైకోవ్‌స్కీ సంగీతంతో 1892లో సెయింట్ పీటర్స్‌బర్గులో మొదటిసారి ఆడిన ఆ బాలే, అమెరికాలో క్రిస్మస్ నాటికి ఊరూరా ఆడుతుంది. మన శ్రీరామనవమికి పందిళ్ళు వేసినట్లే అనుకోండి. అందులో మంచు పలుకులు నేలకు రాలే నృత్యంలో మా పిల్లకు మొదటిసారిగా చోటు దొరికింది. నేను దిగిన పదిరోజులకే దాని కుడి పిక్క మొరాయించింది. మెట్లు ఎక్కేటప్పుడు లోపల ఎవరో గిల్లినట్లు నొప్పి. రాత్రివేళ కొంకర్లు పోయి నిద్రలో కేక వేసేది.

ఇటువంటి బాధకు చరకుడు పెట్టిన పేరు పిండికోద్వేష్టనం. ఆయన లెక్కపెట్టిన ఎనభై వాతరోగాలలో ఇదొకటి. పిక్క మెలిపెట్టినట్లు బిగుసుకుపోవడం అని అర్థం. మా ఊళ్ళో అయితే 'నరం మీద నరం ఎక్కింది' అంటారు. కొబ్బరినూనె వెచ్చచేసి మర్దన చేశాను. ఆ పూటకు ఊరట, మరునాటికి మళ్ళీ మామూలే.

అసలు ఆ పిల్ల కాలికి ఏమి పని పడుతున్నదో తెలుసుకోవాలని కూర్చోబెట్టి అడిగాను. అది తనకు తెలిసినంత తెలుగులో చెప్పింది, మిగిలినది నేను చదువుకున్నాను. పిక్క ఒకటే కండగా కనిపిస్తుంది గాని నిజానికి ఒకదానిపై ఒకటి పరచిన రెండు కండలు. పైదానికి రెండు తలలు. అది మోకాలికి ఎగువన తొడ ఎముకను పట్టుకొని మొదలవుతుంది. అడుగుదాని పేరు సోలియస్. అది మోకాలికి దిగువనే పుడుతుంది. రెండూ కలిసి, మడమకు అతుక్కునే ఒక బలమైన స్నాయువుగా మారతాయి. మోకాలు నిటారుగా ఉంచి మడమ ఎత్తితే పై కండ గట్టిగా లాగుతుంది. మోకాలు వంచితే పై కండ వదులై, భారం ఎక్కువగా అడుగు కండమీద పడుతుంది. బాలేలో ప్రతి ఎగురుడికీ ముందు మోకాళ్ళు వంచాలి, నేలకు దిగేటప్పుడూ వంచాలి. మధ్యలో మునివేళ్ళమీదికి లేవాలి. అంటే రెండు కండలకూ విరామం లేదు. వీటికి తోడు కాలి బొటనవేలిని వంచే కండ ఒకటి లోతుగా ఉన్నది. దాని స్నాయువు చీలమండ వెనుకగా పాదంలోకి దిగుతుంది. మునివేళ్ళమీద నిలిచేవారికి అది కూడా తరచు ఒరుసుకొని నొప్పి పెడుతుందట.

పియెరీనా లెన్యానీ అన్న ఇటాలియన్ నర్తకి 1895లో 'స్వాన్ లేక్'లో ఒంటికాలిమీద 32 చుట్లు ఆగకుండా తిరిగింది. ఆనాటినుంచి అది ఆ పాత్రకు పరీక్ష అయింది. చూసేవారి కళ్ళు గాలిలో కొరడాలా తిరిగే కాలిమీద ఉంటాయి. కాని 32 సార్లు మోకాలు వంచి, 32 సార్లు ఒంటి మునివేళ్ళమీదికి లేచేది రెండవ కాలు. చప్పట్లు ఒకదానికి, చాకిరీ మరొకదానికి.

మన కూచిపూడిలోనూ పిక్కలకు పని తక్కువేమీ కాదు. అరమండిలో మోకాళ్ళు వంచి గంటలకొద్దీ అడుగులు వేస్తారు. పళ్ళెం అంచులమీద పాదాలు మోపి తరంగం ఆడతారు. అయితే మన నర్తకి నేలను తట్టి పలికిస్తుంది. బాలే నర్తకి నేలతో తనకు పొత్తు లేనట్లు కనబడాలి. ఆ కనబడకపోవడానికి చెల్లించే సుంకాన్ని వసూలు చేసేది పిక్క.

డాక్టరు మొదట చూడవలసినవి చూశారు. పిక్క నొప్పి అనగానే కండ నొప్పే అనుకోరాదు. కాలి లోతు సిరలో నెత్తురు గడ్డకట్టినా పిక్కే నొప్పిపెడుతుంది. అప్పుడు వాపు, వెచ్చదనం ఉండవచ్చు. ముంగాలి ఎముకలో సన్నని చీలిక వచ్చినా, శ్రమచేసినప్పుడు కండరాల పొరలలో ఒత్తిడి పెరిగినా బాధ ఆ చుట్టుపక్కలే తెలుస్తుంది. అవేవీ లేవని తేల్చి, ఫిజియోథెరపిస్టు వద్దకు పంపారు. ఆమె పిక్కనంతా వేలితో తడిమి, ఒకచోట నొక్కింది. పిల్ల ఉలిక్కిపడింది. 'ఇక్కడ బిగుసుకున్న పోగు ఉన్నది, సూదితో ప్రయత్నించవచ్చు, ఆలోచించుకొని చెప్పండి' అన్నది. ఆంగ్లంలో దాని పేరు డ్రై నీడ్లింగ్.

ఆ రాత్రి మా ఇంట పెద్ద చర్చ. మా అమ్మాయి, 'సూదులూ వద్దు, డాన్సూ వద్దు. చదువు చూసుకోమను' అన్నది. పిల్ల ఏడుపు గొంతుతో, 'అమ్మమ్మా, నువ్వైనా చెప్పు. నీడిల్ పెడితే వారంలో రిహార్సల్‌కి వెళ్ళచ్చట' అన్నది. వాళ్ళ స్నేహితురాలు ఎవరో అలా చెప్పిందట. అల్లుడుగారు మౌనంగా నావైపు చూశారు. పిల్ల మైనరు కనుక తల్లిదండ్రుల సంతకం లేనిదే ఎవరూ సూది ముట్టరు. నాకు ఓటు లేదు గాని, మాట ఉన్నది. చదివి చెబుతానని రెండు రోజులు గడువు అడిగాను.

ముందు నాకు గుర్తుకు వచ్చినవాడు సుశ్రుతుడు. ఆయన శారీరస్థానంలో 107 మర్మాలు చెప్పాడు. అందులో ఇంద్రబస్తి ఒకటి. అది ఉండేది మడమకు ఎదురుగా, జంఘ నడుమ, అంటే సరిగ్గా పిక్కలో. అక్కడ గాయమైతే నెత్తురు కోల్పోయి కొంతకాలానికి ప్రాణం పోతుందన్నాడు. నాకు గుండె ఝల్లుమన్నది. నేటి శరీరశాస్త్రం తెరిస్తే, సోలియస్ కండకు అడుగున ఒక ముఖ్యమైన ధమని, ఒక పెద్ద నాడి కలిసి ప్రయాణిస్తున్నాయి. ప్రాచీనుడు కత్తిగాయాన్ని చూసి చెప్పినదానికీ వెంట్రుకవంటి సూదికీ సామ్యం లేదు. అయినా ఆ చోటు అజాగ్రత్తకు తగినది కాదన్నది మాత్రం ఇద్దరి మాటా.

చీనావారికీ అక్కడ ఒక స్థానం ఉన్నది. ఆక్యుపంక్చర్‌లో దాని పేరు చెంగ్షాన్. పిక్క కండ కిందికి దిగి ముగిసేచోట ఉండే ఆ బిందువును కొంకర్లకు వాడతారు. ఏడవ శతాబ్దపు వైద్యుడు సున్ సిమియావ్ ఇంకొక సులువైన సూత్రం చెప్పాడు. నొక్కినప్పుడు రోగి 'ఆఁ, అక్కడే' అని ఎక్కడ అంటాడో అదే సూది పెట్టవలసిన చోటు. ఆ బిందువులకు 'ఆషీ' అని పేరు. మా పిల్ల ఉలిక్కిపడినది అటువంటి చోటేనేమో!

నేటి పద్ధతి మాత్రం వేరే దారిన వచ్చింది. జానెట్ ట్రావెల్ అన్న అమెరికన్ వైద్యురాలు, నడుమునొప్పితో బాధపడుతున్న జాన్ కెనడీకి 1955 నుంచి చికిత్స చేసి, 1961లో ఆయన అధ్యక్షుడు కాగానే ఆయన వైద్యురాలిగా శ్వేతసౌధంలో అడుగుపెట్టింది. ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ ఆమే. కండలలో బిగుసుకున్న పోగులు ఉంటాయని, వాటిలో ముట్టుకుంటే మండిపడే బిందువులు ఉంటాయని, అవి వేరొకచోట నొప్పి పుట్టిస్తాయని ఆమె సిద్ధాంతం. వాటికి ట్రిగర్ పాయింట్లు అని పేరు. వాటిలోకి మత్తుమందు ఎక్కించేది. డేవిడ్ సైమన్స్‌తో కలిసి ఆమె రాసిన ఉద్గ్రంథం మొదటి సంపుటం 1983లోను, కాళ్ళకు సంబంధించిన రెండవ సంపుటం 1992లోను వచ్చాయి. ఇంతలో 1979లో కారెల్ లెవిట్ అన్న చెక్ వైద్యుడు ఒక వ్యాసంలో తమాషా అయిన సంగతి చెప్పాడు. గుణం మందుది కాదు, సూదిదే అన్నాడు. మందు లేకుండా వట్టి సూది గుచ్చినా నొప్పి తగ్గుతున్నదన్నాడు. ఆ దారినే డ్రై నీడ్లింగ్ పెరిగింది.

ఇక్కడ నా పండితబుద్ధి మేలుకున్నది. ఈ 'డ్రై'ని తెలుగులో ఏమనాలి? పొడి సూది అంటే తడి తుడిచిన సూది అవుతుంది. శుష్కసూచి అంటే ఎండిపోయిన సూది. అక్కడి భావం సూది తడిగా లేదని కాదు, దాని వెంట ఏ ద్రవమూ లోపలికి పోదని. వెదకగా వెదకగా ఇంట్లోని మాటే దొరికింది. వట్టి! వట్టిగడ్డి అన్నప్పుడు ఎండినది, వట్టిచేతులు అన్నప్పుడు ఏమీ లేనివి, వట్టిపోయిన ఆవు అన్నప్పుడు పాలు లేనిది. ఎండినదనీ, ఏమీ లేనిదనీ రెండు అర్థాలూ ఇముడ్చుకున్న మాట మన దగ్గర ఉండగా సంస్కృతాన్ని యాచించడం ఎందుకు? కనుక ఇకపై ఈ టపాలో దీనిని వట్టిసూది అంటాను.

వట్టిసూదికి గుణం ఉన్నదా? చదివినంతలో నాకు తేలినది ఇది. కొద్దివారాలపాటు నొప్పి తగ్గించడంలో కొంత మేలు చేస్తుందని పరీక్షలను సమీక్షించినవారు అంటున్నారు. అయితే ఆ పరీక్షలలో పెక్కింటి నాణ్యత గొప్పది కాదనీ, దీర్ఘకాలం నిలిచే మేలుకు ఆధారాలు బలహీనమనీ వారే అంటున్నారు. పైగా ఇటువంటి పరీక్షకు ఒక చిక్కు ఉన్నది. మాత్రకు బదులు చక్కెర బిళ్ళ ఇచ్చి రోగికి తెలియకుండా పోల్చవచ్చు గాని, సూది గుచ్చామా లేదా అన్నది దాచడం కష్టం. మూలసిద్ధాంతాన్నే ప్రశ్నించినవారూ ఉన్నారు. క్విన్ట్‌నర్, బోవ్, కోహెన్ అనే ముగ్గురు 2015లో ఒక వైద్యపత్రికలో, ట్రిగర్ పాయింటు అన్న భావనకు తగిన పునాది లేదని గట్టిగా వాదించారు. ఒకే కండను ఇద్దరు నిపుణులు తడిమితే ఇద్దరూ ఒకే చోటు చూపడం లేదన్నది ఆ భావనను సందేహించేవారి ప్రధానమైన ఆక్షేపణలలో ఒకటి.

ఎవరు గుచ్చాలన్నదానిమీద కూడా అక్కడ తగవులు ఉన్నాయి. ఇది మా విద్య అని ఆక్యుపంక్చర్ వారు, కాదు మాదీ అని ఫిజియోథెరపీ వారు కోర్టులకెక్కారు. ఉత్తర కరొలినా సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో ఫిజియోథెరపిస్టుల పక్షాన తీర్పు చెప్పింది. ఇతర రాష్ట్రాలలో చట్టం ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరు.

మూడవనాడు మా అమ్మాయికి, పిల్లకు కలిపే చెప్పాను. శిక్షణ ఉన్నవారి చేతిలో పిక్కలో సూదికి పెద్ద అపాయం అరుదు. చిన్న కమురు, ఒకటి రెండు రోజుల సలుపు మామూలు. ఛాతీ దగ్గర అయితే ఊపిరితిత్తికి తగిలే ప్రమాదం ఉన్నది, ఇక్కడ అది లేదు. నెత్తురు పలుచబడే మందులు వాడేవారు మరింత జాగ్రత్తపడాలి, ఈ పిల్లకు అవి లేవు. కాబట్టి సూదిని చూసి భయపడనక్కరలేదు. నా భయమంతా సూది తరువాతి సంగతి. నొప్పి అనేది కాలు పంపిన జాబు. జాబును చించివేస్తే అందులోని వార్త అబద్ధమైపోదు కదా! నొప్పి తగ్గగానే ఇది మునివేళ్ళమీదికి ఎక్కితే, ఈనాడు కండతో పోయేది రేపు ఎముక దాకా రావచ్చు. మా అమ్మాయి చాలాసేపు ఆలోచించి సంతకం పెట్టింది, ఒక షరతుతో. తిరిగి ఎప్పుడు నర్తించాలో ఫిజియోథెరపిస్టు చెప్పాలి, స్నేహితురాళ్ళు కాదు.

నేనూ వెంట వెళ్ళాను. పిల్లను బోర్లా పడుకోబెట్టి, చీలమండల కింద దిండు పెట్టారు. చర్మం తుడిచి, సన్నని గొట్టం ఆనించి, అందులోనుంచి సూదిని వేలితో తట్టారు. ఇంజెక్షను సూదివలె బోలుగా ఉండదు. మందం మిల్లీమీటరులో నాలుగోవంతు ఉంటుందేమో. కొద్దిగా పైకి కిందికి కదిపారు. ఉన్నట్టుండి పిక్క దానంతట అదే, నీటిలో చేప తోక ఆడించినట్లు అదిరింది. నేను కుర్చీలోనుంచి లేచి నిలబడ్డాను. ఆ అదురుపాటును మంచి గుర్తుగా భావిస్తారట. 'ఎలా ఉందే తల్లీ?' అన్నాను. 'అమ్మమ్మా, నరం మీద నరం ఎక్కి, దిగిపోయింది' అన్నది నవ్వుతూ. నేను నేర్పిన పలుకుబడికి అది ఉత్తరార్థం కూడా కూర్చింది! మూడు చోట్ల గుచ్చారు. పది నిమిషాలు పట్టలేదు.

రెండు రోజులు కుంటింది. మూడవరోజుకు మెట్లు హాయిగా ఎక్కింది. రాత్రి కొంకర్లు తగ్గాయి. ఇంట్లో పండుగ వాతావరణం. కాని మరుసటి వారం ఫిజియోథెరపిస్టు ఒక పరీక్ష పెట్టింది. ఒంటికాలిమీద నిలిచి, మోకాలు వంచకుండా, మడమ పూర్తిగా ఎత్తి దించాలి. ఎడమకాలు 25 సార్లు లేచింది. కుడికాలు 14 దగ్గర ఆగిపోయింది. సూదికి ముందు కూడా 14 మాత్రమే. నొప్పి తగ్గింది, బలం అంగుళమైనా పెరగలేదు. ఎవరూ ఏమీ అనలేదు. పిల్ల ఆ కాగితం మీది రెండు అంకెలనూ చాలాసేపు చూసింది. కారులో తానే, 'మంచు డాన్సు వద్దని మా టీచరుకి చెప్తాను' అన్నది. ఇంటికి వచ్చాక తలుపు వేసుకొని ఏడ్చింది. మేము ఏడవనిచ్చాము.

అప్పటినుంచి చికిత్స అంతా మడమలు ఎత్తడం, దించడం. ఒకసారి మోకాలు నిటారుగా, ఒకసారి వంచి. మొదట రెండు కాళ్ళతో, తరువాత ఒంటికాలితో, ఆపైన చేతిలో బరువు పట్టుకొని. వంటింట్లో నేను పప్పు తాలింపు వేస్తుంటే గట్టు పట్టుకొని లెక్కపెట్టేది. ఒకట్లు నేను తెలుగులో చదివితే తానూ తెలుగులోనే అందుకొనేది. పదిహేను దాటాక పదహారు, పదిహేడు తడబడేది. సూది మరొక్కసారి వేశారు, ఆ తరువాత అక్కరలేకపోయింది.

డిసెంబరులో అది రంగస్థలం ఎక్కకపోలేదు. ఆ కథలో మొదటి అంకాన క్రిస్మస్ విందు ఉన్నది. అందులో ఒక ముసలావిడ పాత్ర. మునివేళ్ళ పని లేదు, మెత్తని చెప్పులతో ఆడవచ్చు. టీచరు ఆ వేషం ఇచ్చింది. 'అమ్మమ్మా, నీ నడక కొంచెం అరువిస్తావా?' అని వారం రోజులు నా వెనుక తిరిగింది. నేను కూర్చోబోయేముందు కుర్చీ చేతిని ఎలా తడుముకుంటానో, లేచి ఒక్క క్షణం ఎందుకు ఆగుతానో నాకే తెలియనివన్నీ పట్టుకున్నది. ప్రేక్షకులు నవ్వారు, చప్పట్లు కొట్టారు. మంచు పలుకులు రాలుతున్నప్పుడు అది తెర పక్కన నిలబడి చూసిందట. ఆ సంగతి ఇంటికి వచ్చి చెప్పింది, ఎక్కువ మాట్లాడలేదు. 2025 ఫిబ్రవరిలో నేను తిరుగు ప్రయాణమయ్యేనాటికి కుడికాలి లెక్క 24కు వచ్చింది. వారానికి రెండు పూటలు, పావుగంట చొప్పున, మళ్ళీ మునివేళ్ళమీద నిలవడం మొదలుపెట్టింది.

నాట్యం నేర్చే మనవరాళ్ళు ఉన్న మిత్రులకు ఒక్క మాట. బాలే కానివ్వండి, కూచిపూడి కానివ్వండి, పిల్ల పిక్క పట్టేసిందంటే నూనె రాసి ఊరుకోకండి, సూది అనగానే బెదరకండి. సూది వేయించినా, వేయించకపోయినా, తిరిగి గజ్జె కట్టేముందు ఒంటికాలిమీద ఎన్నిసార్లు మడమ ఎత్తగలదో లెక్కపెట్టి చూడండి, రెండవకాలితో పోల్చండి. వట్టిసూది నొప్పిని కొన్నాళ్ళు పక్కకు జరుపుతుంది. ఆ ఖాళీలో బలం నింపుకోవడం పిల్ల వంతు, తొందరపెట్టకుండా ఉండడం పెద్దల వంతు.

వట్టిసూది కంటె మేలైన మాట మీలో ఎవరికైనా తోస్తే వ్రాయండి. మా మనవరాలు మాత్రం దీనికే ఓటు వేసింది. వాళ్ళ ఫిజియోథెరపిస్టు చేత కూడా 'వట్టిసూది' అని పలికించిందట.